చెక్‌లిస్టులో ‘లేదు’ అని రాయడానికి చోటివ్వండి

ఫార్మా, రసాయన పరిశ్రమల యాజమాన్యాలకు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీల శాఖల అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

ఈ ఉత్తరం చదివే ముందు మీ ఫ్యాక్టరీలో గత ఏడాది వాడిన పర్మిట్ల (ప్రమాదకరమైన పని మొదలుపెట్టే ముందు రాసే అనుమతి పత్రాల) ఫైలు ఒకటి తెప్పించుకోండి. ట్యాంకులోకి దిగే పనిదైనా (వెసెల్ ఎంట్రీ) సరే, వెల్డింగ్ లాంటి నిప్పు పనిదైనా (హాట్ వర్క్) సరే. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేయండి. ఒక్క గడిలోనైనా ‘లేదు’ అని, దాని పక్కన ‘పని ఆపాం’ అని రాసి ఉందేమో చూడండి. నేను చూసిన ఫైళ్లలో అలాంటి పేజీ దొరకడం చాలా అరుదు. అన్నీ టిక్కులే, అన్నీ సంతకాలే. ఏడాది పొడవునా మూడు షిఫ్టులు నడిచే చోట, సాల్వెంట్లు (తేలిగ్గా అంటుకునే ద్రావకాలు), రియాక్టర్లు (రసాయనాలు కలిపే పెద్ద పాత్రలు), రోజుకో కొత్త కాంట్రాక్టు మనిషి వచ్చే చోట, ఒక్కసారి కూడా ఏ తేడా రాకపోవడం జరిగే పని కాదు. తేడాలు వచ్చాయి, కాగితం మీదికి ఎక్కలేదు. అంతే.

నేను బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు తయారుచేసే) యూనిట్లలో షిఫ్టులు చేసి, తర్వాత సేఫ్టీ విభాగంలోకి వచ్చినవాణ్ణి. జీడిమెట్ల, పటాన్‌చెరు, బొంతపల్లి నుంచి పరవాడ దాకా నాతో కలిసి పనిచేసినవాళ్లు ఉన్నారు. టీవీలో స్క్రోలింగ్ రాగానే ఒకరికొకరం ఫోన్లు చేసుకుంటాం, అక్కడ మనవాళ్లెవరైనా ఉన్నారా అని. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది పోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసైన్షియాలో సాల్వెంట్ ఆవిర్లు అంటుకుని 17 మంది పోయారు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచీలో 50 మందికి పైగా పోయారు. వాళ్లలో కొందరి దేహాలు కూడా ఇంటివాళ్లకు దక్కలేదు. ఇవి పేపర్లో మొదటి పేజీకి ఎక్కినవి. వ్యర్థజలాల శుద్ధి (ఈటీపీ) ట్యాంకులో ఇద్దరు, రియాక్టర్ శుభ్రం చేస్తూ ఒకరు అని జిల్లా పేజీలో నాలుగు లైన్లలో ముగిసిపోయేవి మరెన్నో.

చెక్‌లిస్ట్ ఒక్కటి బాగుంటే ఇవన్నీ ఆగిపోయేవని నేను అనను. యంత్రంలో ఉండాల్సిన రక్షణను కాగితం భర్తీ చేయలేదు. ఇంటర్‌లాక్ (ప్రమాదం రాగానే దానంతటదే ఆపేసే ఏర్పాటు) లేని రియాక్టర్ దగ్గరికి, దుమ్ము పేలితే ఒత్తిడి బయటికి పోయే దారి లేని డ్రయ్యర్ దగ్గరికి మనిషిని ఫారం చేతికిచ్చి పంపడం అన్యాయం. ముందు అవి పెట్టించండి. అవన్నీ ఉన్నచోట కూడా మనిషి చేత్తో చేయాల్సిన పనులు మిగులుతాయి. ట్యాంకులోకి దిగాలి, లైను (పైపు) విప్పాలి, వెల్డింగ్ చేయాలి, ఆగిన ప్లాంటును మళ్లీ నడపాలి, షిఫ్టు అప్పజెప్పాలి. నా మనవి ఈ పనుల గురించి, వాటికోసం మీరు రాయించే కాగితాల గురించి.

మన ఫార్మాలో కాగితానికి ఉన్నంత మర్యాద ఇంకే పరిశ్రమలోనూ ఉండదేమో. ట్రైనీగా చేరిన మొదటి వారంలోనే ‘రాయకపోతే చేయనట్టే’ అని నూరిపోస్తారు. మందు నాణ్యత విషయంలో అది న్యాయమైన మాటే. ఆ మందును ఎక్కడో ఒక రోగి మింగుతాడు, ఏ బ్యాచ్‌లో ఏం కలిసిందో రికార్డు ఉండి తీరాలి. అదే అలవాటు సేఫ్టీకి వచ్చేసరికి తిరగబడి, రాస్తే చేసినట్టే అయిపోయింది. నైట్ షిఫ్టులో గంటగంటకూ రాయాల్సిన రీడింగులు తెల్లారి ఆరింటికి ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, వరసగా నిండిపోతాయి. పర్మిట్ పుస్తకంలో పేజీలు మల్లెపూవులా తెల్లగా ఉంటాయి. గ్లవ్స్ వేసుకున్న చేతుల్లో, చెమటలో, సాల్వెంట్ జిడ్డులో నిజంగా వాడిన కాగితం అలా ఉండదు. ఆడిట్‌కు వచ్చినవాళ్లు ఆ తెల్లదనం చూసి మెచ్చుకుంటారు. నాకైతే అది చూడగానే గుండె జారుతుంది.

దీన్ని పనివాళ్ల బద్ధకం అనుకోవద్దు. ప్రమాదం జరిగిన మర్నాడు ‘మానవ తప్పిదం’ అని ప్రెస్‌నోట్ ఇవ్వడం తేలిక. ఆ మనిషికి మీరిచ్చిన ఫారం ఎలా ఉందో చూడండి. నాలుగు పేజీలు, వందకు పైగా ప్రశ్నలు, అంతా ఇంగ్లిషు. ఫారం ఉండేది సేఫ్టీ ఆఫీసులో, పని జరిగేది ఆ చివరి బ్లాకులో మూడో ఫ్లోరు మీద. బ్యాచ్ లేటయిందని ప్రొడక్షన్ నుంచి ఫోన్ మీద ఫోన్. ఆ ప్రశ్నలన్నీ నిజాయితీగా చూసుకుంటూ పోతే షిఫ్టు గడిచిపోతుంది, పని మొదలే కాదు. అందుకని టేబుల్ దగ్గరే కూర్చుని టిక్కులు పెడతారు. చేయడానికి వీల్లేని పద్ధతి రాసిచ్చి, చేయలేదని మనిషిని తప్పుపట్టడం ఎక్కడి ధర్మం?

ఒక ఉదాహరణ దగ్గర నిలబడి చూద్దాం. రియాక్టర్ లోపల గ్లాస్ లైనింగ్ చూడాలి, ఫిట్టర్ లోపలికి దిగాలి. మామూలుగా కనిపించే ఫారంలో ఇలా ఉంటుంది: ‘ప్రదేశం సురక్షితంగా ఉన్నదా? అన్ని లైన్లు ఐసోలేట్ చేయబడినవా? తగిన పీపీఈ (రక్షణ సామగ్రి) ధరించారా? వెంటిలేషన్ సరిపడా ఉన్నదా? సంబంధిత సిబ్బందికి అవగాహన కల్పించారా?’ రాత్రి రెండు గంటలకు మ్యాన్‌హోల్ పక్కన నిలబడ్డ మనిషి ఈ ప్రశ్నలకు ఏం చూసి జవాబు చెప్పాలి? ‘సురక్షితంగా’ అంటే ఎంత? ‘సరిపడా’ అంటే ఏ మీటర్లో ఏ అంకె? ‘అన్ని లైన్లు’ అంటే నాలుగా, ఏడా? వీటిలో ఏ ఒక్కదానికీ కంటితో చూసి చెప్పగలిగే జవాబు లేదు. అలాంటప్పుడు చేతికి తెలిసిన జవాబు ‘అవును’ ఒక్కటే.

అదే పనికి ఆ రియాక్టర్ దగ్గరే నిలబడి, ఆ ఫిట్టర్‌తో, ఆ ఆపరేటర్‌తో కూర్చుని రాస్తే వేరే కాగితం వస్తుంది. రియాక్టర్ నంబరు ఆర్-204 అనుకుందాం. మొదటి లైను: ‘ఆర్-204కి వచ్చే నైట్రోజన్ లైను ఫ్లాంజ్ విప్పి బ్లైండ్ వేశాం, బ్లైండ్ తోక బయటికి కనిపిస్తోంది.’ బ్లైండ్ అంటే ఫ్లాంజ్ (రెండు పైపుల అతుకు) మధ్య దూర్చి దారి పూర్తిగా మూసేసే లోహపు బిళ్ల. వాల్వు మూశాం అంటే చాలదు, ఎందుకంటే వాల్వులు లోలోపల పాస్ అవుతాయి (మూసినా కొద్దిగా వదులుతాయి). ఆ సంగతి ప్రతి ఫిట్టర్‌కూ తెలుసు, ఫారం రాసిన వాళ్లకే గుర్తుండదు. నైట్రోజన్‌కు వాసన లేదు, రంగు లేదు, మంట పెట్టదు. ఆక్సిజన్ బాగా తగ్గిన చోట రెండు మూడు శ్వాసలకే మనిషి కూలిపోతాడు, అరిచే వ్యవధి కూడా ఉండదు. సాల్వెంట్లు అంటుకోకుండా మనమే రోజంతా రియాక్టర్లలో నైట్రోజన్ నింపి ఉంచుతాం కాబట్టి, మన పరిశ్రమలో ఆ లైనుకే మొదటి చోటు దక్కాలి. మిగతా లైన్లకు కూడా ఒక్కోదానికి పేరు, నంబరు, బ్లైండ్ రాయాలి. ‘అన్ని’ అనే మాట ఫారంలో కనిపించకూడదు.

తర్వాతి లైను ఆజిటేటర్‌ది (రియాక్టర్ లోపల కలియబెట్టే రెక్కలది): ‘ఎంసీసీలో (మోటార్ల స్విచ్‌బోర్డు దగ్గర) స్విచ్ ఆఫ్ చేసి, లోపలికి దిగే మనిషి తన తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకున్నాడు. స్టార్ట్ బటన్ నొక్కి చూశాం, తిరగలేదు.’ తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గరో, స్టోర్స్‌లోనో ఉంటే లాభం లేదు. ఆ తర్వాత గాలి: ‘ఆక్సిజన్ పైన ... , మధ్యలో ... , అడుగున ...’ అని మూడు ఖాళీలు. మూడు చోట్లా 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి. మండే ఆవిరికి ఎల్‌ఈఎల్ (అంటుకోవడానికి కావలసిన కనీస మోతాదులో ఎంత శాతం ఉందో చెప్పే) అంకెకు ఇంకో మూడు ఖాళీలు, పది శాతం దాటితే దిగకూడదు. ఇక్కడ టిక్కు పెట్టడానికి చోటే ఉండకూడదు, అంకె రాయాల్సిందే. టోలుయీన్ లాంటి సాల్వెంట్ల ఆవిరి గాలికన్నా బరువు, అడుగునే కూర్చుంటుంది. మ్యాన్‌హోల్ దగ్గర మీటరు ఆడించి బాగుందని రాస్తే అది రియాక్టర్ గాలి కాదు, ఫ్లోరు గాలి.

చివరి రెండు లైన్లు బయట ఉండే మనిషి గురించి. ‘మ్యాన్‌హోల్ దగ్గర కాపలా ఉన్న మనిషి పేరు ... , అతనికి వేరే పని చెప్పలేదు.’ ‘ట్రైపాడ్ (మూడుకాళ్ల స్టాండు), తాడు బిగించి ఉన్నాయి. లోపలి మనిషి పడిపోతే బయటి మనిషి లోపలికి దిగడు, తాడుతో లాగి, అలారం కొడతాడు.’ ఈ ఆఖరి మాట ఎందుకంత ముఖ్యమంటే, అమెరికాలోని వృత్తి భద్రత పరిశోధన సంస్థ నియోష్ 1980ల్లో ఇలాంటి మరణాలను పరిశీలించినప్పుడు చనిపోయిన వాళ్లలో సగానికి పైగా కాపాడబోయి దిగినవాళ్లేనని తేలింది. మన ఊళ్లలో పాడుబడిన బావిలో ఒకరి వెనక ఒకరు ముగ్గురు పోయారన్న వార్త ఎప్పుడు విన్నా కారణం ఇదే. కళ్లముందు తోటివాడు పడిపోతే దూకకుండా ఆగడం మనిషి స్వభావంలో లేదు. ఆ ఆగడాన్ని ముందే, మనసు స్థిమితంగా ఉన్నప్పుడే గట్టిగా చదివించి ఒప్పించాలి.

అంతే, ఏడెనిమిది లైన్లు, ఒక పక్క పేజీ. మిగతా వంద ప్రశ్నలు ఏమవుతాయని మీ ఈహెచ్‌ఎస్ (పర్యావరణ, ఆరోగ్య, భద్రత) మేనేజర్ అడుగుతారు. హెల్మెట్, బూట్లు, ట్రైనింగ్ తేదీ, కాంట్రాక్టర్ లైసెన్సు, ఇన్సూరెన్స్ ఇవన్నీ కావలసినవే. వాటిని గేటు దగ్గర, ఆఫీసులో, ట్రైనింగ్‌లో చూసుకోండి. పని ఎలా చేయాలో వివరంగా చెప్పేది ఎస్‌ఓపీ, దాన్ని తీరిగ్గా చదివి నేర్చుకోవాలి. పని మొదలయ్యే ముందు నిమిషంలో, మరిచిపోతే ప్రాణం పోయేవాటిని మాత్రం గుర్తుచేసేది చెక్‌లిస్ట్. రెంటినీ కలిపి కుట్టినందువల్లే మన ఫారాలు నాలుగు పేజీలయ్యాయి. ప్రాణం తీసే ప్రశ్న, బూట్ల ప్రశ్న ఒకే సైజు అక్షరాల్లో పక్కపక్కన ఉంటే రెండింటికీ ఒకే విలువ వస్తుంది.

ఇదేమీ కొత్తగా నేను కనిపెట్టింది కాదు. 2025 నవంబరులో కొత్త కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ చదవండి. ప్రమాదకరమైన వాయువులుండే అవకాశం ఉన్న ట్యాంకులోకి మనిషిని పంపాలంటే అర్హత ఉన్న వ్యక్తి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి, అదీ తాను స్వయంగా చేసిన పరీక్షను బట్టి ఇవ్వాలి అని ఉంది. అలా కాకపోతే దిగే మనిషికి శ్వాస పరికరం, బెల్టు, తాడు ఉండి, ఆ తాడు చివర బయటి మనిషి చేతిలో ఉండాలి. ‘స్వయంగా చేసిన పరీక్ష’ అని చట్టం అంత స్పష్టంగా చెప్పాక, ఆఫీసులో కూర్చుని సంతకం పెట్టిన పర్మిట్‌కు ఏం విలువ ఉంటుంది?

కొలవడం గురించి ఇంకో మాట. ఎల్జీ పాలిమర్స్ ప్రమాదం మీద రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ 2020 జులైలో నివేదిక ఇచ్చింది. లీకైన ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలుస్తున్నారని, పైభాగంలో వేడి ఎంత పెరిగిందో తెలిసే ఏర్పాటు లేదని అందులో ఉంది. లాగ్‌బుక్ ప్రకారం చూస్తే అంకె రాసే ఉంటుంది. కానీ కొలిచింది తేలిగ్గా అందే చోట, ప్రమాదం పెరుగుతున్నది ఇంకో చోట. మీ చెక్‌లిస్టులో ప్రతి అంకె పక్కనా ఈ ప్రశ్న వేసుకోండి: ఇది ప్రమాదం పుట్టే చోట కొలిచిందా, మీటరు ఉన్న చోట కొలిచిందా? అదే నివేదికలో సైరన్ సంగతి కూడా ఉంది. ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉంది, గేటు దగ్గర కూడా ఉంది. ఆ రాత్రి ఎవరూ మోగించలేదు. పక్కనున్న వెంకటాపురం జనం నిద్రలోంచి లేచి, ఏమైందో తెలియకుండా పరుగెత్తి, రోడ్ల మీద పడిపోయారు. సైరన్ ‘ఉన్నది’ అనే గడిలో ఎప్పుడూ టిక్కే ఉండి ఉంటుంది. ఎవరు మోగించాలి, ఎవర్నీ అడక్కుండా మోగించవచ్చా అనే గడి మన ఫారాల్లో ఎక్కడుంది?

ఇక నేను అన్నిటికన్నా గట్టిగా అడగదలచుకున్న విషయానికి వస్తాను. చెక్‌లిస్టులో ఒక లైనుకు జవాబు ‘లేదు’ అని వస్తే ఏం చేయాలి? మన ఫారాల్లో దీనికి సమాధానం ఉండదు. టిక్కు పెట్టే గడి ఉంటుంది, సంతకం పెట్టే గడి ఉంటుంది. ఆక్సిజన్ 18 వచ్చిందనుకోండి. ఆ హెల్పరు లేదా జూనియర్ కెమిస్టు ఏం చేయాలి? షిఫ్ట్ ఇన్‌ఛార్జికి చెబితే ‘ఇంకాసేపు బ్లోయర్ పెట్టి చూడు, ఈలోగా పర్మిట్ రెడీ చెయ్’ అంటాడు. రెండోసారీ 18 వస్తే మూడోసారి మీటరునే అనుమానిస్తారు. నాలుగోసారి ఎవరూ చూడరు. పని ఆపమని చెప్పే ధైర్యం ఆ కుర్రాడికి ఎక్కణ్నుంచి వస్తుంది? అతను కాంట్రాక్టు మనిషి. రేపు గేటు పాస్ రెన్యూవల్ కావాలి. ఆ టెన్షన్ మీకు తెలియనిది కాదు.

కాబట్టి ప్రతి ఫారంలో, ప్రతి లైనుకూ ‘లేదు’ అనే గడి పెట్టండి. దాని కింద పెద్ద అక్షరాలతో ఏం చేయాలో రాయండి: ‘పని ఆపు. అందర్నీ బయటికి పంపు. ఫలానా నంబరుకు ఫోన్ చెయ్. మళ్లీ మొదలుపెట్టమని చెప్పగలిగేది ఫలానా వ్యక్తి మాత్రమే, అదీ ఇక్కడికి వచ్చి చూశాకే.’ ఆ నంబరు రాత్రి రెండింటికి ఎత్తే నంబరై ఉండాలి. ఇంకో మెట్టు ముందుకెళ్లి, పని ఆపిన మనిషికి ఆ రోజు కూలి, ఇన్సెంటివ్ ఏదీ తగ్గదని ప్లాంట్ హెడ్ సంతకంతో నోటీసు బోర్డులో పెట్టండి. పని ఆపిన సంఘటనలను నెలనెలా లెక్కపెట్టండి. ఆ లెక్క సున్నా వచ్చిన నెల ప్లాంటు బాగా నడిచిందని పొంగిపోకుండా, మనుషులు చెప్పడం మానేశారేమో విచారించండి.

ఆసుపత్రుల అనుభవం మనకు ఇక్కడ పనికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల చెక్‌లిస్ట్ తెచ్చింది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగి థియేటర్ దాటే ముందు, మూడు చోట్ల అందరూ ఆగి పైకి చదువుకోవాలి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినట్టు 2009లో ప్రకటించారు. ఆ తర్వాత కెనడాలోని ఒంటారియో రాష్ట్రం అదే చెక్‌లిస్టును అన్ని ఆసుపత్రులకూ తప్పనిసరి చేసింది. దాదాపు అందరూ వాడుతున్నామనే చెప్పారు. 2014లో లెక్కలు తీస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. కాగితం ఒకటే. మొదటి చోట సిబ్బందికి నేర్పి, వాళ్లతో కూర్చుని తమకు తగ్గట్టు మార్చుకుని మొదలుపెట్టారు. రెండోచోట పైనుంచి ఆర్డరు వచ్చింది, ఆర్డరుకు రిపోర్టు వెళ్లింది. తేడాకు ఇదొక్కటే కారణమని తేల్చి చెప్పలేం గానీ, మన ఫ్యాక్టరీలు తెలిసినవాళ్లకు ఆ రెండో కథ బాగా పరిచయం.

పైకి చదవడం అన్నాను. అది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. మన రైలు ఇంజన్‌లో లోకో పైలట్, అసిస్టెంట్ సిగ్నల్ రాగానే చెయ్యి చాచి చూపిస్తూ దాని రంగును బిగ్గరగా పలుకుతారు, ఒకరు చెబితే ఇంకొకరు తిరిగి చెబుతారు. ఇద్దరికీ కళ్లున్నాయి, ఇద్దరికీ కనబడుతూనే ఉంది. అయినా నోటితో పలికినప్పుడే చూపు నిజంగా అక్కడ నిలుస్తుంది. ప్లాంటులో కూడా ఒకరు లైను చదవాలి, ఇంకొకరు వెళ్లి బ్లైండ్ మీద చెయ్యి పెట్టి ‘వేసి ఉంది’ అనాలి. చదివే మనిషీ చేసే మనిషీ ఒకరే అయితే, తన పని తానే సరిచూసుకున్నట్టు అవుతుంది. సాల్వెంట్ డ్రమ్ముకు ఎర్తింగ్ క్లిప్ (నిప్పురవ్వ పుట్టకుండా స్థిర విద్యుత్తును నేలకు పంపేది) పెట్టడమే తీసుకోండి. క్లిప్ పెట్టిన మనిషికి పెట్టానన్న తృప్తి ఉంటుంది. అది పెయింట్ మీద పడిందా, పళ్లు లోహానికి తగిలాయా అని చూడటానికి రెండో జత కళ్లు కావాలి. పెయింట్ మీద పడిన క్లిప్ పెట్టినా పెట్టనట్టే.

షిఫ్టు మార్పిడి దగ్గర జరిగే నష్టం గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. 1988 జులై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫాం మీద 167 మంది చనిపోయారు. అక్కడ పర్మిట్ పద్ధతి లేక కాదు, ఉంది. కాగితాలు కూడా రాశారు. ఒక పంపుకు రెండు వేర్వేరు పర్మిట్లు ఉన్నాయి. ఒకటి పంపు మరమ్మతుకు, ఇంకొకటి దాని సేఫ్టీ వాల్వు విప్పడానికి. వాల్వు విప్పిన చోట తాత్కాలికంగా ఒక మూత బిగించి, ఆ రోజుకు పని ఆపి, సాయంత్రం షిఫ్టు మారేటప్పుడు పర్మిట్ తిరిగి ఇచ్చేశారు. వాల్వు ఇంకా పెట్టలేదన్న సంగతి రాత్రి షిఫ్టువాళ్ల చెవిన పడలేదు. రాత్రి పదింటి ముందు రెండో పంపు ఆగిపోయింది. ప్లాంటు మొత్తం ఆగిపోయే పరిస్థితి. కంట్రోల్ రూమ్‌లో వాళ్లు మొదటి పంపు కాగితాలు వెతికారు, మరమ్మతు పర్మిట్ ఒక్కటే దొరికింది, మరమ్మతు ఇంకా మొదలుకాలేదని తెలిసింది. పంపు నడిపారు. వదులుగా ఉన్న మూతలోంచి గ్యాస్ తన్నుకొచ్చింది. తర్వాత న్యాయమూర్తి లార్డ్ కల్లెన్ చేసిన విచారణలో 106 సిఫార్సులు వచ్చాయి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు నిర్లక్ష్యపు మనుషులు కారు. ఉన్న కాగితం వెతికి, చదివి, దాన్ని నమ్మారు. అవసరమైన రెండో కాగితం వాళ్ల కళ్లముందు లేదు.

మన ప్లాంట్లలో కూడా ఎలక్ట్రికల్ పర్మిట్ ఒక ఫైలు, మెకానికల్ ఇంకో ఫైలు, కాంట్రాక్టు పని మూడో ఫైలు. ఒకే యంత్రానికి సంబంధించినవన్నీ ఒకే బోర్డు మీద, ఒకే కొక్కేనికి వేలాడాలి. ఆ బోర్డు కంట్రోల్ రూమ్‌లో అందరికీ కనబడాలి. షిఫ్టు అప్పజెప్పేవాడు, తీసుకునేవాడు దాని ముందు నిలబడి ఒక్కో యంత్రం పేరు చెప్పుకోవాలి. సగంలో ఆగిన పనికి యంత్రం మీదే ట్యాగ్ ఉండాలి. బస్సు హారన్ కొడుతుంటే లాగ్‌బుక్‌లో ‘ఆల్ నార్మల్’ అని రాసి పరుగెత్తే పద్ధతి ఆగాలంటే, రెండు షిఫ్టుల మధ్య పావుగంట జీతమిచ్చే సమయంగా లెక్కగట్టాలి. ఆ పావుగంట ఇవ్వకుండా హ్యాండోవర్ సరిగా జరగాలనడం న్యాయం కాదు.

భాష సంగతి. పాశమైలారంలో పోయినవాళ్లలో బిహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. మన పారిశ్రామికవాడల్లో ఏ షిఫ్టులో చూసినా ఇదే. సంతకం పెట్టే మనిషికి చదవడం రాని భాషలో ఉన్న ఫారం మీద అతని సంతకం తీసుకోవడం, నా దృష్టిలో, అతన్ని ముందే దోషిగా నిలబెట్టడం. తెలుగు, హిందీ, ఒడియా మూడింటిలోనూ రాయించండి. అనువాదం ఏజెన్సీకి ఇవ్వకుండా ఆ భాష మాట్లాడే ఆపరేటర్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి. అతను బ్లైండ్‌ను బ్లైండ్ అనే అంటాడు, వాల్వును వాల్వు అనే అంటాడు. ఎవరూ వాడని పుస్తకాల మాటలు పెట్టొద్దు. ఆ యంత్రం ఫోటో, ఆ వాల్వు మీద ఎర్ర బాణం పెడితే చదవడం రాని మనిషికి కూడా పనికొస్తుంది.

రాసిన కాగితం పాతబడుతుంది. లైను మారుస్తారు, కొత్త సాల్వెంట్ వస్తుంది, కాగితం మాత్రం అదే ఉంటుంది. 2005 మార్చి 23న అమెరికాలో టెక్సాస్ సిటీలోని బీపీ రిఫైనరీలో స్టార్టప్ సమయంలో పేలుడు జరిగి 15 మంది పోయారు. అక్కడి స్టార్టప్ పద్ధతి కాగితం ఒకటి చెబుతుంటే, ఆపరేటర్లు ఏళ్ల తరబడి ఇంకోలా చేస్తున్నారు. అయినా ఏటా పైవాళ్లు ఆ పద్ధతి సరిగ్గా ఉందని సంతకం పెడుతూనే వచ్చారు. పనివాళ్లు పద్ధతిని దాటి పని చేస్తున్నారని తెలిస్తే మెమో ఇచ్చే ముందు, ఎందుకు దాటుతున్నారో అడగండి. చాలాసార్లు వాళ్ల దగ్గరే మంచి కారణం ఉంటుంది. కొన్నిసార్లు చెడ్డ కారణం ఉంటుంది. రెండింటిలో ఏది ఉన్నా మార్చాల్సింది మీరే.

ఫ్యాక్టరీల శాఖ అధికారులకు ప్రత్యేకంగా కొన్ని మాటలు. మీ దగ్గర మనుషులు తక్కువ, ఫ్యాక్టరీలు ఎక్కువ, నాకు తెలుసు. అందుకే తనిఖీకి వచ్చినప్పుడు ఉన్న కొద్ది సమయాన్ని ఫైళ్ల ముందు పోగొట్టుకోవద్దు. షాప్ ఫ్లోర్ మీదికి వెళ్లి, ఎదురైన కాంట్రాక్టు మనిషిని ఒకర్ని పిలిచి ‘ఈ రియాక్టర్లోకి దిగాలంటే నువ్వు ముందు ఏం చూస్తావు, చూపించు’ అని అతని భాషలో అడగండి. పక్కన మేనేజర్ లేకుండా అడగండి. మీటరు తెప్పించి, దాని కాలిబ్రేషన్ తేదీ చూసి, అతని చేతే ఆన్ చేయించండి. పది నిమిషాల్లో ఆ ఫ్యాక్టరీ గురించి ఫైళ్లు చెప్పనిది తెలుస్తుంది. సేఫ్టీ కమిటీలో యాజమాన్యంతో సమానంగా పనివాళ్ల ప్రతినిధులుండాలని భోపాల్ తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టంలోనే చేర్చారు. ఆ ప్రతినిధులెవరో, వాళ్లను ఎవరు ఎంపిక చేశారో, చెక్‌లిస్టుల్లో ఒక్క లైనైనా వాళ్లు మార్పించారో అడగండి. 2025 నవంబరు 21 నుంచి కొత్త వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. దాని కింద తనిఖీ ఫారాలు తయారు చేసేటప్పుడు ‘ఎస్‌ఓపీలు ఉన్నవా?’ అనే పాత ప్రశ్నను దయచేసి మళ్లీ పెట్టొద్దు. ఎస్‌ఓపీలు లేని ఫ్యాక్టరీ ఎక్కడా ఉండదు.

యాజమాన్యాలకు ఒక చిన్న సూచన. ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినం జరుపుతారు. జెండా ఎగరేస్తారు, ప్రతిజ్ఞ చదివిస్తారు, క్విజ్ పెట్టి హాట్ బాక్సులు బహుమతులిస్తారు. ఈసారి ఆ పూట ఒక్క పని ఎంచుకోండి, మీ ప్లాంటులో మనిషిని చంపగలిగే పని. ఆ పని చేసే ఫిట్టర్ని, ఆపరేటర్ని, హెల్పర్ని, కాంట్రాక్టర్ మేస్త్రీని ఆ యంత్రం దగ్గరికే పిలిచి, నిలబడే దానికో పేజీ రాయండి. ప్లాంట్ హెడ్ కూడా ఉండాలి, కానీ మొదటి గంట మాట్లాడకూడదు. రాసిన పేజీని ఆ పని ఎప్పుడూ చేయని మనిషికి నైట్ షిఫ్టులో ఇచ్చి చూడండి. అతను ఎక్కడ తడబడ్డాడో అక్కడ మార్చండి.

ఆఖరుగా శాఖకు ఇంకొక్క విన్నపం. ఎల్జీ పాలిమర్స్ నివేదిక బయటికి వచ్చింది కాబట్టి సైరన్ సంగతి, ఉష్ణోగ్రత కొలిచిన చోటు సంగతి నాలాంటివాళ్లకు తెలిశాయి. పైపర్ ఆల్ఫా గురించి ఇంత దూరంలో ఉన్న నేను రాయగలుగుతున్నానంటే ఆ విచారణను అచ్చువేసి అందరికీ అందుబాటులో పెట్టడం వల్లే. మన దగ్గర జరిగే ఎన్నో ప్రమాదాల్లో కేసు, ఎక్స్‌గ్రేషియా, సస్పెన్షన్ వార్తలు వస్తాయి గానీ, అసలు ఏ పని చేస్తుండగా, ఏ లైను దగ్గర, ఏం మరిచిపోవడం వల్ల జరిగిందో మా దాకా రాదు. పేర్లు తీసేసి అయినా సరే, ప్రతి మరణం మీదా రెండు పేజీలు తెలుగులో, హిందీలో రాసి అన్ని ప్లాంట్లకూ పంపండి. కోర్టు కేసు తేలేదాకా ఆగకండి. పక్క ప్లాంటులో ఏ వాల్వు పాస్ అయిందో మాకు తెలిస్తే, ఆ రాత్రి షిఫ్టు మొదలయ్యేలోగానే మా పేజీలో ఒక లైను మార్చుకుంటాం.

ఇట్లు,
బల్క్ డ్రగ్ పరిశ్రమలో పనిచేసిన ఒక సేఫ్టీ ఉద్యోగి